తీసిపెట్టిన పాఠం

నేను చెప్తుంటే నువ్వు ఊఁ కొట్టాలి, సరేనా బుజ్జీ? ఊఁ ఆగిందంటే కథ కూడా ఆగిపోతుంది. అనగనగా, వానలు ముఖం చాటేసే ఒక ఊళ్ళో, ఉరుకుందమ్మ అని ఒక పిల్ల ఉండేది.

ఆ పిల్లకి బడి అంటే ప్రాణం. పొద్దున్నే షమీమ్ టీచరు హాజరు పిలుస్తుంటే, తన పేరు ఎప్పుడొస్తుందా అని కాచుకుని కూర్చునేది. పేరు రాగానే "ప్రెజెంట్ టీచర్!" అని అరిచేది. ఎంత గట్టిగా అంటే, బయట అన్నం వండే వంటమ్మ చేతిలో గరిటె జారి పడేది. పిచ్చిపిల్ల!

అయితే ఆ ఊళ్ళో పంటలు అయిపోగానే పనులుండవు. అప్పుడు అమ్మానాన్నలు మూటాముల్లె సర్దుకుని, ఎక్కడో దూరాన ఉన్న మిరపచేలకి కోతలకి పోతారు. దాన్నే సుగ్గికి పోవడం అంటారు. ఆ ఏడు ఉరుకుందమ్మని చూసుకోడానికి ఇంట్లో ఎవరూ లేరు. వాళ్ళమ్మ లింగమ్మ ఏం చేస్తుంది పాపం? "నువ్వూ రావల్ల పాపా. నిన్నొక్కదాన్నే యాడ ఇడ్సిపెట్టేది?" అంది. పిల్ల కళ్ళనీళ్ళు కుక్కుకుని లారీ ఎక్కింది. టీచరుకి చెప్పిరావడానికైనా వీలు చిక్కలేదు.

మిరపచేలో మొదటిరోజు తెల్లారగానే మేస్త్రీ చిన్నాపెద్దా అందరి పేర్లూ పిలిచాడు. ఉరుకుందమ్మ ఇంకా నిద్రమత్తులోనే ఉంది. తన పేరు చెవిన పడగానే లేచి నిలబడి "ప్రెజెంట్ టీచర్!" అనేసింది. ఇంకేముంది, చేనంతా ఒకటే నవ్వు. మేస్త్రీ కూడా మీసం చాటున నవ్వాడు.

రెండోరోజూ అలాగే నోరు జారింది. అప్పుడు ఆడవాళ్ళు దానికి "ప్రెజెంటు పాప" అని పేరు పెట్టేశారు. ఆ తర్వాత మూడోరోజు మేస్త్రీ పిలిస్తే పిల్ల నోరు విప్పలేదు. చెయ్యి మాత్రం ఎత్తింది.

ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు, కానీ బెంగ మొదలైంది. ఎండ, చేలో వాళ్ళు దిగిన గుడిసె మీదికి ఎక్కే వేళకి కాయలు కోస్తున్న చెయ్యి ఆగిపోయేది. "ఇప్పుడు బడిలో హాజరు పిలుస్తాంటారు. నా పేరు దాటేసి ఇంకో పేరుకి పోయింటుంది టీచరు" అనుకునేది. కళ్ళు తుడుచుకుందామంటే చేతులకి కారం. ఆ చేతులతో కళ్ళు ముట్టుకుంటే ఏమవుతుందో నీకు తెలుసుగా? అందుకని మోచేత్తో తుడుచుకునేది. ఎవరైనా చూస్తే "మిరప ఘాటు" అనేది. ఘాటు కాదు నాన్నా, బెంగ.

మొదట పద్యం మరిచిపోయింది. ఆ తర్వాత భాగహారం మరిచిపోయింది. ఆ తర్వాత ఒకరోజు, బడిగోడ మీది పటంలో తమ ఊరు ఎక్కడుంటుందో కళ్ళు మూసుకుని తలుచుకుంటే, అదీ గుర్తు రాలేదు. ఆ పూట అన్నం సహించలేదు దానికి.

ఎలాగైతేనేం, కోతలు అయిపోయి ఊరొచ్చారు. లింగమ్మ తలదువ్వి, రిబ్బను కట్టి, బడికి పొమ్మంది. పిల్ల బడి గోడ దాకా వెళ్ళింది. అక్కడ కాళ్ళు మొరాయించాయి. "అన్నీ మర్సిపోయినా. నా తావులో ఇంకెవరో కూసోనుంటారు. అందరూ నవ్వుతారు" అనుకుంది. ఇంక బడీ వద్దు ఏమీ వద్దు, మేకల్ని కాసుకుంటే పోలా అనుకుంది. నిజంగానే వెనక్కి తిరిగేసింది బుజ్జీ.

అప్పుడు కిటికీలోంచి షమీమ్ టీచరు గొంతు వినపడింది. హాజరు పిలుస్తోంది. ఒక్కో పేరే వస్తోంది, ఒక్కొక్కరే పలుకుతున్నారు.

"ఉరుకుందమ్మ!" అంది టీచరు. దాటెయ్యలేదు!

పిల్లలంతా ఒక్క గొంతుతో పలికారు. "సుగ్గికి పోయింది టీచర్! పాఠం తీసిపెట్టినాం టీచర్!"

ఉరుకుందమ్మ గిరుక్కున బడి వైపు తిరిగింది. చేలో మూసుకున్న నోరాయె, తెరుచుకోడానికి కాస్త సేపు పట్టింది. ఆ తర్వాత గోడ అవతల్నుంచే అరిచింది చూడూ, "ప్రెజెంట్ టీచర్!" అని. వంటమ్మ గరిటె మళ్ళీ కిందపడింది.

ఎవరూ నవ్వలేదు. లోపలికి వస్తే ఎవరూ జరిగి చోటివ్వనూ లేదు. ఎందుకంటే చాప మీద దాని చోటు ఖాళీగానే ఉంది.

"పాఠం తీసిపెట్టేదేంది టీచర్?" అని అడిగింది.

"చేనికి పోయినోళ్ళకి ఇంట్లో అన్నం తీసిపెడతారు గదమ్మా. అట్లనే నీ వంతు పాఠం మనోళ్ళు తీసిపెట్టినారు" అంది టీచరు.

తోటిపిల్లల్లో హుసేనమ్మ పద్యం తీసిపెట్టింది. గిడ్డయ్య భాగహారం తీసిపెట్టాడు. లెక్కలంటే వాడికి జ్వరమొచ్చేది, కానీ ఈ పిల్లకి చెప్పాలి కదా అని పట్టుబట్టి నేర్చేసుకున్నాడు. ఆ తర్వాత మాదేవి దాన్ని పటం ముందు నిలబెట్టి, "ఇది మనూరు. నువ్వు పోయింది ఇదో, ఈడికి" అని వేలుపెట్టి చూపించింది. ఉరుకుందమ్మ ఆ రెండు చోట్లా చెరో వేలు ఆనించి చాలాసేపు అలాగే నిలబడింది. మధ్యలో ఎంత దూరమో!

మరుసటేడు కూడా వానలు రాలేదు. మళ్ళీ సుగ్గికి పోక తప్పలేదు. మేస్త్రీ పేరు పిలిచాడు, ఉరుకుందమ్మ చెయ్యెత్తింది. ఎండ గుడిసె మీదికి ఎక్కింది. కోస్తున్న చెయ్యి ఆగింది, పెదాలు కదిలాయి.

లింగమ్మ చూసి, "బడి మీద బెంగ పెట్టుకుంటివా పాపా?" అంది.

"ఊఁ. ఇప్పుడు టీచరు నా పేరు పిలుస్తాంటుంది. నా బదులు వాళ్ళు పలుకుతాంటారు" అంది పిల్ల. మోచేత్తో కళ్ళు తుడుచుకుంది. "నా వంతు తీసిపెట్టుంటారమ్మా. కోతలు బిన్నా కానిద్దాం, తొందరగా పోయి తెచ్చుకోవల్ల." ఆ తర్వాత దాని చేతులు చకచకా కదిలాయి.

ఏం బుజ్జీ, ఊఁ కొట్టడం ఆపేశావు? నిద్రొచ్చేసిందా? సరే మరి.

కథేమో కంచికి,
ఉరుకుందమ్మ బడికి,
నిద్రేమో కంటికి,
నువ్వేమో నా ఒడికి.