వండినామె కూర్చునేదాకా కుంకని పొద్దు

ఒకప్పుడు నార్వే దేశంలో, ఉత్తరాన చిట్టచివర ఉన్న దీవుల్లో కూడా పొద్దు మన దగ్గరలాగే రోజూ పొడిచేది, రోజూ కుంకేది. ఎండాకాలమైనా అంతే, చలికాలమైనా అంతే. అక్కడివాళ్ళు సూర్యుణ్ణి ఆడమనిషి అనుకుంటారు. అందుకని మనమూ పొద్దమ్మ అనే పిలుద్దాం.

ఆ దీవుల్లో ఒకదాని మీద చిన్న పల్లె ఉండేది. వెనక నల్లరాతి కొండ, ముందు సముద్రం, మధ్యలో ఎర్రరంగు చెక్క ఇళ్ళు. ఒడ్డు పొడవునా కర్రల పందిళ్ళు. వాటికి కాడ్ చేపల్ని రెండేసి చొప్పున తోకలు కట్టి వేలాడదీసేవాళ్ళు. ఉప్పు రాసేవాళ్ళు కాదు. చలిగాలే వాటిని ఎండబెట్టేది.

పడవలన్నీ ఓస్మున్ దొరవి. తెడ్లు వేసే చేతులు మాత్రం దొరవి కావు. చేపలు కోసే చేతులూ దొరవి కావు. వాళ్ళందరికీ వండే చేతులు గూరోవి.

గూరో గట్టి మనిషి. ఇద్దరు మోయాల్సిన ఇనప దాకను ఒక్కతే పొయ్యి మీంచి దించేది. ఆ దాకలో రోజూ కాడ్ చేప, బంగాళాదుంపలు ఉడికేవి.

దొర ఒక రూలు పెట్టాడు. "వెలుతురు పనికి, చీకటి తిండికి!"

పొద్దు కుంకేదాకా ఎవరూ నోట్లో ఏమీ వేసుకోకూడదు. చీకటి పడ్డాక ముందు దొర తింటాడు. ఆయన త్రేన్చాక తెడ్లు వేసేవాళ్ళ వంతు. వాళ్ళు లేచాక చేపలు కోసేవాళ్ళ వంతు. అందరిదీ అయ్యాక గూరో. అప్పటికి దాకలో మిగిలేది దుంపలు ఉడికిన నీళ్ళు, ఓ చేప తోక. అదీ చల్లారిపోయి. అదీ నిలబడే. ఆ బల్ల దగ్గర గూరోకి ఎప్పుడూ చోటు లేదు.

ఒకరోజు పొద్దమ్మ దిగిపోతూ వంటింటి కిటికీలోంచి తొంగి చూసింది.

"ఏం వండావే గూరో? వాసన కొండ దాకా కొడుతోంది."

"ఏముందమ్మా, రోజూ ఉండేదే. చేప, దుంపలు, పైన కాస్త వెన్న."

"నీళ్ళు మెరిపించేది నేను. దుంప మొలకెత్తేది నా వల్ల. సరిగ్గా కుండ దించే వేళకి నన్ను పొమ్మంటారు. వేడి దుంప ఎలా ఉంటుందో ఒక్కసారీ ఎరగను."

గూరో నవ్వింది. "వండేదాన్ని, నేను ఎరుగుదునా?"

పొద్దమ్మ నవ్వలేదు. ఆమె మొహం ఎర్రబడింది. ఆకాశమంతా ఎర్రబడింది. చూసినవాళ్ళు ఎంత అందంగా ఉందో అనుకున్నారు. అది అందం కాదు, కోపం.

"అయితే రేపట్నుంచి నేను రాను. సమ్మె!" అంది పొద్దమ్మ.

"అయ్యో, నువ్వు రాకపోతే ఎలా?"

"ఆకలితో వెలిగే వెలుతురు ఎవడి కోసం? దొర కోసమా? నువ్వూ ఆలోచించుకో." అనేసి సముద్రంలోకి దిగిపోయింది.

చూరు మీద ఒక సీగల్ పక్షి ఇదంతా విన్నది. ఊరి మీదుగా ఎగురుతూ అరవడం మొదలుపెట్టింది. "కష్టం మాది! కంచం మాది! పని చేసిన చేతికే పళ్ళెం!"

"నువ్వేం పని చేశావు? పొద్దున కూడా చేప తలకాయ ఎత్తుకుపోయావు" అంది గూరో.

"నినాదాలిస్తున్నానుగా! అరిచి అరిచి గొంతు పోతోంది. అది పని కాదా?"

మర్నాడు పొద్దమ్మ నిజంగానే రాలేదు. ఊరంతా చీకటి.

ఓస్మున్ దొర గంట కొట్టించాడు. "పడవలెక్కండి! ఏం చూస్తున్నారు?"

తెడ్లు వేసేవాళ్ళలో పెద్దవాడు ఐవిన్. అతను టోపీ తీసి, ఎంతో మర్యాదగా అన్నాడు. "చీకటిగా ఉంది దొరా. చీకటి తిండికి అని తమరే సెలవిచ్చారు."

అందరూ వెళ్ళి బల్ల దగ్గర కూర్చున్నారు. తిన్నారు. లేవలేదు. ఇంకా చీకటే. మళ్ళీ తిన్నారు.

దొర చేపనూనె దీపం పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "ఇదిగో వెలుతురు! లేవండి!"

"మీ దీపం, మీ వెలుతురు. మీరే పని చేసుకోండి దొరా!" అన్నాడు ఐవిన్. బల్ల చుట్టూ నవ్వులే నవ్వులు. దొర దీపం బల్ల మీద పెట్టాడు. ఆకలి వేసింది. ఆయనా ఐవిన్ పక్కన కూర్చున్నాడు.

"గెలిచాం! గెలిచాం!" అని అరిచింది సీగల్.

గూరో కూడా అరిచేదే. కానీ ఆమె చేతిలో గరిటె ఉంది. "గూరో, ఇంకో దుంప!" "గూరో తల్లీ, ఇటు చేప!" "గూరో, వెన్న అయిపోయింది!" ఒకప్పుడు ఒక్క పూట వండేది. సమ్మె మొదలయ్యాక పొయ్యి ఆరడమే లేదు. దొర కూర్చున్నాడు, తెడ్లవాళ్ళు కూర్చున్నారు, చేపలు కోసేవాళ్ళు కూర్చున్నారు. ఆమె ఒక్కతే నిలబడి ఉంది. ఇంతమంది గెలిచిన గెలుపులో తనకొచ్చింది ఇంకో బస్తా దుంపలు.

గూరో గరిటెతో దాకను ఠంగుమని కొట్టింది. సీగల్ కూడా నోరు మూసింది.

"బాబాయ్, ఇది ఎవరి గెలుపు?" అని ఐవిన్‌ని అడిగింది.

"అందరిదీ తల్లీ!"

"అందరిలో నేనున్నానా?"

ఐవిన్ నోటిదాకా వచ్చిన దుంపను కంచంలో పెట్టేశాడు.

"దొర మీ నెత్తిన కూర్చుంటే అన్యాయం అన్నారు. మీరు నా నెత్తిన కూర్చుంటే భోజనం అంటున్నారు. వండిన మనిషికి పీట లేని బల్ల ఎంత పెద్దదైతే ఏం లాభం? జరగండి!"

ఐవిన్ జరిగాడు. దొర కూడా జరిగాడు. గూరో ఇద్దరి మధ్యా కూర్చుంది. కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

దాక ఖాళీ. ఎవరూ కదల్లేదు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కడుపులు మాత్రం గట్టిగా మాట్లాడుతున్నాయి. చివరికి ఐవిన్ లేచి చాకు తీసుకుని చేప కోశాడు. ఇంకొకతను నీళ్ళు తెచ్చాడు. ఆకలికి ఆగలేక ఓస్మున్ దొర కూడా లేచాడు. కానీ దుంప ఉడికిందో లేదో ఎలా చూడాలో ఆయనకు తెలియదు. వేలితో పొడిచాడు.

"అబ్బా! కాలింది!"

"పుల్లతో గుచ్చి చూడాలి దొరా! ఇన్నాళ్ళూ తిన్నారు కదా, ఎలా ఉడుకుతుందో ఎప్పుడూ చూడలేదా?" అంది గూరో. కూర్చున్న చోటునుంచి లేవలేదు.

దొర వేలు నోట్లో పెట్టుకుని, రెండో చేత్తో పుల్ల అందుకున్నాడు.

కాసేపటికి ఐవిన్ ఒక కంచం తెచ్చి గూరో ముందు పెట్టాడు. చేప తెల్లగా పొరలు పొరలుగా విడిపోతోంది. దుంప మీద వెన్న కరుగుతోంది. ఆవిరి ఆమె మొహానికి తగిలింది. గూరో మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. అంతా తిన్నాక, వండినవాళ్ళందరినీ చూసి, "తక్ ఫోర్ మాతెన్" అంది. తిండి పెట్టినందుకు ధన్యవాదాలు అని వాళ్ళ భాషలో అర్థం. ఆ మాట ఆ ఇంట్లో అంతకు ముందు ఎవరూ ఎవరికీ చెప్పలేదు.

దొర వేలు ఇంకా మండుతూనే ఉంది. బహుశా అందుకే పాత రూలు పోయి కొత్తది వచ్చినప్పుడు ఆయన ఎదురు చెప్పలేదు. ఇకమీద వెలుతురుండగానే భోజనం. అందరికీ ఒకటే బల్ల, వండినవాళ్ళతో సహా. తిన్నవాళ్ళు ఎవరి కంచం వాళ్ళే తీయాలి.

సీగల్ ఎగిరి వెళ్ళి సముద్రం కింద ఉన్న పొద్దమ్మకు కబురు చెప్పింది.

"ఇలాంటి మాటలు చాలా విన్నాను. చూశాకే నమ్ముతాను" అంది పొద్దమ్మ.

మొదటిరోజు నీళ్ళ మీంచి ఎర్రటి అంచు మాత్రం బయటపెట్టి చూసింది. తర్వాత ఇంకాస్త. ప్రతిరోజూ గూరో బల్ల దగ్గరే కనిపించింది. ఒక్కోరోజు ఐవిన్ వండాడు, ఒక్కోరోజు గూరో వండింది. దొర కూడా వండాడు, దుంపలు మాడాయి, అయినా అందరూ తక్ ఫోర్ మాతెన్ అన్నారు. కిటికీ అంచున ఎప్పుడూ ఒక కంచం ఉండేది. దానిలో వేడి దుంప, వెన్న.

"ఇది ఎవరికి?" అంది పొద్దమ్మ, తెలిసి కూడా.

"నీకే. చల్లారకముందే తిను!"

పొద్దమ్మ తిన్నది. ఆ సంతోషంలో ఎండాకాలం వచ్చింది. ఒక సాయంత్రం ఆమె సముద్రం అంచుదాకా దిగింది. దిగి ఆగిపోయింది.

"నేను వెళ్ళగానే మళ్ళీ నిన్ను లేపేస్తారేమో!"

"లేపితే లేస్తానా?" అంది గూరో.

"నువ్వు లేవవు. మరి పక్క దీవిలో? ఆ తర్వాతి దీవిలో?" పొద్దమ్మ కుంకకుండా పక్కకి తిరిగి, నీళ్ళ అంచు వెంట నడుచుకుంటూ ఒక్కో కిటికీలోకీ చూస్తూ పోయింది.

"ఇలా తిరిగితే అలిసిపోతావమ్మా. పని చేసేవాళ్ళకు సెలవు కూడా హక్కే. చలికాలంలో పోయి పడుకో, ఊరిని మేం చూసుకుంటాం" అంది గూరో.

అప్పటినుంచే ఆ దేశంలో జనం మధ్యాహ్నం పని ముగియగానే, నాలుగైదు గంటలకే పెద్ద భోజనం చేసేస్తారు. వండినవాళ్ళకు తక్ ఫోర్ మాతెన్ చెప్పందే బల్ల దగ్గర్నుంచి లేవరు. అప్పటినుంచే ఆ ఉత్తరపు దీవుల్లో చలికాలం నడిమధ్య పొద్దమ్మ కొన్నాళ్ళు అసలు పొడవదు. అది ఆమె సెలవు. ఎండాకాలంలో మాత్రం సముద్రం అంచుదాకా దిగి కూడా కుంకదు. లోకంలో ఎక్కడో ఒక వంటింట్లో వండిన మనిషి ఇంకా నిలబడే ఉంది. ఆమె కూర్చునేదాకా పొద్దమ్మ వెలుగుతూనే ఉంటుంది.