జంట పోటు

ఈశ్వరయ్య గురువుగారికి చివరి రోజుల్లో ప్రశ్నలంటే అలుపు వచ్చేసింది. ఎవరైనా నోరు తెరవగానే ఆయన కళ్ళు మూసుకునేవారు. నిద్రపోయారనుకుని సగంమంది లేచిపోయేవారు, ఆయనకు కావలసిందీ అదే. గవరయ్య మాత్రం లేవలేదు. పట్నంలో చదివొచ్చిన శిష్యుడు, పట్టుకుంటే వదలడు.

"యంత్రాలు వచ్చి మనిషిని మనిషికి దగ్గర చేశాయా, దూరం చేశాయా? ఒక్కమాటలో చెప్పండి స్వామీ" అన్నాడు.

"ఒక్కమాటలో తేలేదైతే ఇన్నేళ్ళు నా నోరెందుకు నొప్పెట్టేది?" అని, తప్పదన్నట్టు గురువుగారు ఒక సంగతి చెప్పారు.

ఆయన ఎరిగిన ఊళ్ళో నూకాలు, వరాలు అని తోడికోడళ్ళు ఉండేవారు. నూకాలు పెద్దది. వేరు కాపురాలైనా మధ్య గోడ ఒకటే, రోలూ ఒకటే. వాళ్ళకి తగువు లేని వారం ఉండేది కాదు. కానీ వడ్లు దంచాలంటే ఒకే రోట్లో రెండు రోకళ్ళు పడాలి. ఒకరిది లేచినప్పుడు మరొకరిది దిగాలి. పోటు తప్పితే చేతులు చితుకుతాయి కనుక, ఎంత కోపంలో ఉన్నా పక్కమనిషి ఊపిరిని కనిపెట్టుకుని ఉండాల్సిందే. మూతులు ముడుచుకునే మొదలుపెట్టేవారు. వడ్లు సగం నలిగేసరికి, "కాస్త నెమ్మదే, రెక్కలు పీకుతున్నాయి" అనేది నూకాలు. చెరిగే వేళకి తగువు కూడా ఊకతో పోయేది.

కొన్నాళ్ళకి ఊళ్ళోకి మర వచ్చింది. వడ్లు, పిండి, కారం, ఏదైనా చిటికెలో ఆడి ఇచ్చేది. "మంచిదే అయింది. ఆ ఆడవాళ్ళ అరచేతులు నేను చూశాను. దంపుడు గొప్పదని చెప్పేవాళ్ళలో రోకలి పట్టినవాడు ఒక్కడూ లేడు" అన్నారు గురువుగారు. తోడికోడళ్ళిద్దరూ వెళ్ళి మరకి కొబ్బరికాయ కొట్టొచ్చారు.

ఆ తర్వాత గోడ మీదకి వాలిన మునగకొమ్మ గురించి మాటా మాటా పెరిగింది. ఎప్పుడూ ఉండే తగువే. కాకపోతే ఈసారి మర్నాడు ఎదురెదురుగా నిలబడాల్సిన పని లేదు. ఆ మర్నాడూ లేదు. అలా ఏళ్ళు గడిచాయి.

నూకాలు కూతురు పున్నమ్మకి పెళ్ళి కుదిరింది. ఆ పిల్లని చంకనేసుకుని పెంచింది వరాలే. "పిన్ని వచ్చి పసుపు దంచకపోతే నేను పీటల మీద కూర్చోను" అని పున్నమ్మ భీష్మించింది. పెళ్ళిపసుపు రోట్లోనే దంచాలి కదా, ఆ ఒక్కదానికి మాత్రం మర పనికిరాదు. వరాలు వచ్చింది. ఎడమొహం పెడమొహంగానే ఇద్దరూ రోకళ్ళు ఎత్తారు. పేరంటాళ్ళంతా ఆశగా చూస్తున్నారు. రెండు రోకళ్ళూ ఒక్కసారే దిగాయి. వరాలు గాజులు చిట్లి పసుపులో పడ్డాయి. మణికట్టు నెత్తురైంది.

"కావాలనే కొట్టావు కదక్కా" అంది వరాలు.

"కొట్టింది నువ్వు! నా పిల్లకి అపశకునం చెయ్యడానికే వచ్చావు" అంది నూకాలు.

పోటు తప్పిందేమో అన్న ఆలోచన ఇద్దరిలో ఒక్కరికీ రాలేదు. వరాలు చేతికి కొంగు చుట్టుకుని వెళ్ళిపోయింది. పున్నమ్మ వీధిదాకా వెంటపడి బతిమాలింది. ముహూర్తం ఎవరి కోసమూ ఆగదు కనుక చివరికి పీటల మీద కూర్చుంది. ఒంటికి రాసింది మర పట్టించిన పసుపే. తాళి కట్టేదాకా ఆ పిల్ల గుమ్మం వైపే చూసిందట.

గవరయ్యకి మనసు చివుక్కుమంది. "అయితే ఆ మరని ఊళ్ళోకి రానివ్వకుండా ఉండాల్సింది స్వామీ" అన్నాడు.

గురువుగారు దుప్పటి లాక్కుని గోడవైపు ఒత్తిగిలారు.

"వడ్లు దంచుతానంది, దంచింది. మిగతాది కూడా నేనే చూసుకుంటానని అది ఎప్పుడైనా అందా, నాయనా?"