కుండకు రంగేసిన కోటమ్మ

అనగనగా సున్నపు బట్టీల ఊళ్ళో, ఎండకు రాళ్ళు కూడా పగిలే చోట, కోటమ్మ అనే పిల్ల కొత్తగా కాపురానికి వచ్చిందమ్మా. కాలవ పక్కన పెరిగిన పిల్ల. నీళ్ళ కోసం కొట్టుకోవాలని ఈ ఊరొచ్చాకే తెలిసింది. ఆమె మొగుడు చెంచయ్య బట్టీలో రాయి మోసేవాడు.

ట్యాంకరు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలీదు. కష్టపడి తెచ్చిన నీళ్ళు కుండలో పోస్తే, కుండ ఒళ్ళంతా చెమ్మ పట్టి కింద ఇసక తడిసేది. పక్కింటి పోలమ్మత్త అది చూసి ఆటపట్టించేది.

"ఏమే కోటమ్మా, పుట్టింటి మీద బెంగ నీకా, నీ కుండకా? పొద్దస్తమానం ఏడుస్తోంది."

కోటమ్మకు రోషం వచ్చింది. మనం చుక్క చుక్కకు చస్తుంటే ఇది కార్చి పారేస్తోందా అనుకుంది. అప్పుడు తలుపుకు వేయగా మిగిలిన ఎర్ర రంగు తీసి కుండకు దట్టంగా పూసింది. కుండ ఏడుపు మానేసింది. మెరిసిపోయింది కూడా.

మర్నాడు చెంచయ్య ఆ నీళ్ళు నోట్లో పోసుకుని అదిరిపడ్డాడు. పొయ్యి మీద గానీ పెట్టావా అని అడిగాడు. కోటమ్మ తాగి చూసింది. నిజమే. కుండకు దిష్టి తగిలిందని దాని మెడకు నిమ్మకాయ కట్టింది, పిచ్చిది.

ఆ తర్వాత కిటికీ. దానికి తడి గోనెపట్టా వేలాడేది. అదీ గాలికి ఆరిపోతోంది, నీళ్ళు దండగ అని పైన ప్లాస్టిక్ పట్టా కప్పింది. గోనె తడిగానే ఉంది, ఇల్లు మాత్రం ఉడికిపోయింది. ఇదేం చోద్యమని నోరు తెరుచుకుని చూసింది.

ఆ తర్వాత రోహిణి కార్తె వచ్చింది. మిట్టమధ్యాహ్నం బట్టీవాళ్ళు చెంచయ్యను మోసుకొచ్చి మంచం మీద వేశారు. వడదెబ్బ. బట్టీ దగ్గర తలదాచుకోను నీడ లేదు, చెంబుడు నీళ్ళిచ్చే దిక్కు లేదు. రాయిని కాల్చినట్టే మనిషినీ కాల్చారు, ఏం చెప్పను. ఒళ్ళు పెనంలా ఉంది. పిలిస్తే పలకడు. ఒకతను ఆటో కోసం పరిగెత్తాడు.

కోటమ్మ చీర తడిపి మొగుడికి కప్పింది. ఆ తడి ఎక్కడికీ పోకూడదని తలుపు మూసి, పైన దుప్పటి కప్పింది. కాసేపాగి చేయి పెడితే చీర తడిగానే ఉంది, కానీ వేడినీళ్ళలో ముంచినట్టుంది.

పోలమ్మత్తను కేకేద్దామని తలుపు తీసింది. అప్పుడు వడగాలి కొట్టింది. ముఖం మాడింది. కానీ చీర తాకిన తడి చేయి మాత్రం చల్లబడింది. కోటమ్మ ఉలిక్కిపడింది. నిప్పులాంటి గాలికి చల్లదనమా? చూస్తుండగానే చేతి మీద తడి ఆరిపోయింది. దాంతో పాటు చల్లదనమూ పోయింది.

అప్పుడు తెలిసిందమ్మా ఆమెకు. తడి ఊరికే పోవడం లేదు. ఆవిరై పోతూ పోతూ వేడిని మోసుకుపోతోంది. కుండకు రంగేసి, కిటికీకి పట్టా వేసి, మొగుడి మీద దుప్పటి కప్పి, దాని దారి తనే మూసేసింది. ఇంతలో పోలమ్మత్త పరిగెత్తుకొచ్చింది.

"నా చేతులతో నేనే ఉడకబెట్టానత్తా," అంది.

దుప్పటి లాగేసింది. కిటికీ మీది ప్లాస్టిక్ పట్టా పీకేసి, తలుపు, కిటికీ బార్లా తెరిచింది. కుండలో నీళ్ళన్నీ చీర మీద చిలకరిస్తూనే ఉంది. పోలమ్మత్త విసనకర్రతో విసురుతూనే ఉంది. ఆటో వచ్చేసరికి చెంచయ్య కళ్ళు తెరిచాడు. ఆ తర్వాత ఆసుపత్రిలో సెలైన్ ఎక్కిస్తే మనిషి దక్కాడు.

ఇంటికి కొత్త కుండ వచ్చింది. రంగు కుండలో చింతపండు దాచుకున్నారు. పోలమ్మత్త ఊరుకుంటుందా, కుండ మళ్ళీ ఏడుస్తోందే అంది.

"ఏడవనీ అత్తా. అది ఏడుపు మానేస్తే నేను ఏడవాల్సొచ్చింది," అంది కోటమ్మ.

చెమటేమో కుండకి, చల్లనేమో గుండెకి.
కథేమో కంచికి, నువ్వేమో మంచానికి.