మైనం పూసిన వేరు

భూషణం మాస్టారిని ప్రశ్న అడిగినవాళ్లకు జవాబు దొరకదు, పని దొరుకుతుంది. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పినన్నాళ్లూ అంతే, సముద్రం దగ్గరి ఊళ్లో స్థిరపడ్డాకా అంతే. అది తెలిసి కూడా ఆయన పాత శిష్యురాలు నాంచారమ్మ ఒక పొద్దున వచ్చి గుమ్మంలో నిలబడింది.

"చుట్టూ రొయ్యల చెరువులే మాస్టారూ. ఉప్పు మా మడిలోకి ఊరుతోంది. వేరులోకి ఉప్పు రాకుండా ఆపే దారి చెప్పండి. లేదంటే ఆ చెరువుల వెంకటాద్రికే మడి కౌలుకిచ్చి చేతులు దులుపుకుంటాను."

ఆ మడి తప్ప ఆమెకు మరో ఆధారం లేదు. మాస్టారు రెండు వరి నారుమొక్కలు, రెండు గ్లాసుల ఉప్పునీళ్లు ఆమె ముందు పెట్టి, "ఒకదాన్ని నీ పద్ధతిలో కాపాడు" అన్నారు.

చదువుకున్న పిల్ల కదా, ఉపాయం వెంటనే తట్టింది. మైనం కరిగించి, గోరువెచ్చగా అయ్యాక వేళ్లకు దట్టంగా పూసింది. ఇక ఉప్పు ఎలా వస్తుందో చూస్తానంది. రెండోదాన్ని దాని ఖర్మానికి వదిలేసింది.

రెండు రోజులకే మైనం మొక్క వాడి వేలాడింది. రెండోదానికి కింది ఆకు కొస మాడింది గాని, కొత్త ఆకు నిటారుగా లేచింది. నాంచారమ్మకు ఒళ్లు మండింది.

"నువ్వు వేసిన తలుపు నీళ్లకూ పడిందమ్మా," అన్నారు మాస్టారు. "మొక్కకు కావాల్సిన పొటాషియం వచ్చే దారుల్లోనే ఉప్పులోని సోడియమూ దూరుతుంది. ఈ రెండోదాని వేరు కణం దాన్ని చేతనైనంత బయటికి నెట్టేస్తుంది. నెట్టలేనిదాన్ని లోపలే ఒక గదిలో పెట్టి గొళ్లెం వేస్తుంది. ఇంకా మిగిలింది ముసలి ఆకు మోస్తుంది. తిండంతా ఈ తన్నులాటకే పోతుంది, అందుకే పొట్టిగా ఉంటుంది."

అంతలో గేటు ముందు వెంకటాద్రి మోటారుసైకిలు ఆగింది. కౌలు కాగితం జేబులో పెట్టుకునే వచ్చాడు. నాంచారమ్మ ఆ పొట్టి మొక్కను ఒకసారి చూసి లేచి నిలబడింది. ఆమెకు ఎక్కడలేని పౌరుషం వచ్చింది.

"మడి ఇయ్యను. నీ చెరువుగట్టు వెంట నా హద్దులో బోదె కాలవ తవ్విస్తా. అందులోకి ఊరిన ఉప్పునీళ్లు ఇంజనేసి నీ చెరువులోకే తోడిపోస్తా!"

వెంకటాద్రి నవ్వాడు. "ఎన్నాళ్లు తోడతావమ్మా?"

మాస్టారు గ్లాసులోని పొట్టి మొక్కను వెలుతురుకు జరిపారు.

"ఇది నన్ను ఆ మాట అడగలేదయ్యా," అన్నారు.