ప్రతినిధి గారి తోక

ఒక ఊళ్ళో ఆరు వీధులూ ఒక బంగళా ఉండేవి. వీధికొక కుక్కల గుంపు ఉండేది. బంగళాకి మాత్రం ఒకటే కుక్క.

ఊరి కుక్కల మంచిచెడ్డలన్నీ బంగళా పెరట్లో, యజమాని మధ్యాహ్నం కునుకు తీసే వేళ, సభ పెట్టుకుని తేల్చుకునేవారు. వీధికొక ప్రతినిధి. బంగళా కుక్క అధ్యక్షుడు. ఆయన్ని ఎవరు ఎన్నుకున్నారని మాత్రం అడక్కండి. కూర్చోడానికి పరుపు ఉన్నది ఆయనొక్కడికే, అందుకని ఆయనే అధ్యక్షుడు.

సభలో ఎంతసేపైనా మాట్లాడొచ్చు, ఎవరూ అడ్డు చెప్పరు. కానీ తీర్మానం దగ్గరికి వచ్చేసరికి నోరు చెల్లదు, తోకే చెల్లుతుంది. అధ్యక్షుడు ఒక్కొక్కరినీ పిలుస్తాడు. పిలిచినప్పుడు తోక ఊగితే సరే అన్నట్టు. ఊగకపోతే వద్దన్నట్టు. నోరు అబద్ధం ఆడుతుందేమో గానీ తోక ఆడదని వాళ్ల పెద్దల నమ్మకం. మంచి నమ్మకమే, ఏమాటకామాటే చెప్పుకోవాలి.

ఆ లెక్క రాసే పని పిల్లికి ఇచ్చారు. ఇదేమిటి, కుక్కల సభలో పిల్లా అంటారా? కుక్కలకి కుక్కల మీద నమ్మకం లేదండీ. పిల్లి మీదా లేదనుకోండి, కానీ ఆ లేకపోవడం ఆరు వీధులకీ సమానం. పిల్లి ప్రహరీ గోడ మీద కూర్చుని, పక్కనే ఆనించి ఉన్న పాత తలుపు చెక్క మీద గోటితో గీసేది. ఊగిన తోకకి అడ్డగీత, ఆగిన తోకకి నిలువుగీత.

ఇక టీకొట్టు వీధి ప్రతినిధి సంగతి. ఎర్ర కుక్క. ఆహా, ఏం గొంతండీ అది! మొరిగాడంటే టీకొట్టులో గ్లాసులు గలగలమనేవి, పక్క సందులో ఆటోవాడు బండి పక్కకి తీసేవాడు. సభ రోజున వీధి వీధంతా కదిలొచ్చి ప్రహరీ బయట నిలబడేది. లోపలేం జరుగుతోందో కనపడదు గానీ ఆ గొంతు మాత్రం ఖణేలుమని వినపడేది.

మటన్ కొట్టు ఎముకలు ముందు బంగళాకే చెందాలని ప్రతిపాదన వచ్చిన రోజున, "నా కోరలు ఊడినా సరే, ఒప్పుకోను!" అన్నారు ప్రతినిధి గారు. బయట జేజేలు. సాయంత్రానికి చట్టం అయిపోయింది.

బస్టాండు బల్లల కింది నీడ బంగళాకి రాసివ్వాలన్నప్పుడు, "ముందు నన్ను ఎండలో పాతెయ్యండి!" అన్నారు. బయట కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. అదీ చట్టం అయిపోయింది.

బంగళా రోడ్డులో ఎవరూ మొరగకూడదన్నప్పుడైతే, "మొరగొద్దంటే మరి మ్యావ్ అనమంటారా?" అని గర్జించారు. గోడ మీద పిల్లి ఒక్కసారి తలెత్తి చూసింది. ఆ ప్రతిపాదనా చట్టం అయిపోయింది.

ప్రతిసారీ వీధి ఓడిపోయేది. ప్రతిసారీ ప్రతినిధి గారి పేరు పెరిగేది. "పాపం, ఒక్కడు ఏం చేస్తాడు? మిగతా అయిదుగురూ దద్దమ్మలు" అనుకునేవారు టీకొట్టు వీధివాళ్ళు.

ఇలా ఉండగా చలి మొదలైంది. టీకొట్టు వెనక పొయ్యి బూడిద పోసే గుంట ఒకటుంది. తెల్లారగట్ల కూడా అది వెచ్చగానే ఉంటుంది. అందులో ఒక నల్ల కుక్క అయిదు పిల్లల్ని పెట్టింది. ఇంకా కళ్ళు తెరవలేదు అవి. ఆ వెచ్చదనం లేకపోతే ఒక్క రాత్రి కూడా గడవని పిల్లలు.

సరిగ్గా అప్పుడే సభలోకి కొత్త ప్రతిపాదన వచ్చింది. ఆ బూడిద గుంట ఇకమీదట బంగళాకి చెందాలి. ఎందుకయ్యా అంటే, అధ్యక్షుల వారు సాయంత్రం యజమాని కారులో షికారు వచ్చినప్పుడు ఒక్క పది నిమిషాలు నడుం వాల్చడానికి. మిగతా ఇరవైమూడు గంటల యాభై నిమిషాలూ ఎవరూ అందులో కాలు పెట్టరాదు. మర్నాడే తీర్మానం.

నల్ల కుక్క పరుగున ప్రతినిధి గారి దగ్గరికి వెళ్ళింది.

"చెల్లెమ్మా, నువ్వు నిశ్చింతగా ఉండు. రేపు నా ప్రసంగం విను" అన్నారాయన.

"వింటాను అన్నయ్యా. మటన్ కొట్టప్పుడూ విన్నాను. బ్రహ్మాండంగా ఉంది. ఎముకలే రావడం లేదు."

"అది మిగతావాళ్ళ తప్పమ్మా. నేను వద్దన్నానా లేదా?"

"అన్నారు."

"మరింకేం?" అని ఆయన రేపటి ప్రసంగానికి గొంతు సవరించుకోసాగారు.

నల్ల కుక్కకి మనసు ఆగలేదు. తిన్నగా బంగళా ప్రహరీ దగ్గరికి వెళ్ళింది. పిల్లి గోడ మీద ఎండ కాగుతోంది.

"పిల్లక్కా, మా ప్రతినిధి గారి గీతలు ఒకసారి చూపిస్తావా?"

పిల్లి ఆశ్చర్యపోయింది. ఇన్నేళ్ళలో ఆ తలుపు చూడ్డానికి వచ్చిన మొదటి ప్రాణి ఇదే. "ఇదిగో, ఈ వరసే మీ వాడిది" అని చూపించింది.

కింద నుంచి పై దాకా అన్నీ అడ్డగీతలే.

"ఇదేమిటక్కా, నిచ్చెనలా ఉంది!"

"నిచ్చెనే మరి. దాని మీద ఎవరెక్కారో నన్నడక్కు."

"కానీ ఆయన వద్దని మొరిగాడుగా?"

"మొరిగాడు. చెవులు మూసుకున్నా వినపడింది. కానీ అధ్యక్షుడు మెత్తగా 'తమ్ముడూ, ఏం చిక్కిపోయావు!' అని పిలిచేసరికి వెనక తోక ఊగిపోతుంది. పాపం, అది అతనికి తెలీదు. తోక వెనక ఉంటుంది కదా అమ్మాయ్."

"మరి ఆ అయిదుగురూ?"

"అవీ నిచ్చెనలే. ఈ సభలో ఇంతవరకూ సరే అన్న నోరు ఒక్కటీ లేదు. వద్దన్న తోకా ఒక్కటీ లేదు."

నల్ల కుక్క ఆ ఆరు వరసలూ పై నుంచి కింద దాకా చూసింది. తర్వాత అడిగింది. "ఒక్క తోక ఆగితే ఏమవుతుంది?"

"ఆరూ ఊగితేనే చట్టం. ఒక్కటి ఆగినా అధ్యక్షుడే పరుపు మీంచి లేచి, సభలో తన తోక ఊపి తేల్చాలి."

"ఆయన ఊపేస్తాడుగా?"

"ఏమో. ఇంతవరకూ ఆయన లేవాల్సిన అవసరం రాలేదు" అంది పిల్లి. తర్వాత తనలో తాను అనుకున్నట్టు, "మొర ఉన్నవాళ్ళు లోపలికొచ్చి తమ ప్రతినిధి వెనక కూర్చోవచ్చు. అదీ పద్ధతిలో ఉంది. ఎవరూ రారు గానీ" అంది.

నల్ల కుక్క మళ్ళీ ప్రతినిధి గారి దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆయన మండిపడ్డారు.

"నా తోకా? నా తోక సంగతి నాకు తెలీదా? పిల్లి మాట పట్టుకుని నన్ను అనుమానిస్తావా? ఉండు, ఇప్పుడే చూస్తాను" అని వెనక్కి తిరిగారు. ఆయన తిరిగితే తోకా తిరిగింది. ఇంకాస్త గబుక్కున తిరిగారు. అదీ గబుక్కున తిరిగింది. గిరగిరా గిరగిరా పన్నెండు చుట్లు తిరిగి, దుమ్ములో కూలబడి, నాలుక వేలాడేసి, "చూశావా చెల్లెమ్మా? అక్కడేం లేదు" అన్నారు.

ఆయన అబద్ధం ఆడలేదండోయ్. ఆయనకి నిజంగానే ఏమీ కనపడలేదు.

మర్నాడు మధ్యాహ్నం నల్ల కుక్క పిల్లల్ని టీకొట్టు దగ్గరి ముసలి కుక్కకి అప్పజెప్పి సభకి వచ్చింది. బయట వీధంతా గుమిగూడింది. లోపల ఆరుగురు ప్రతినిధులూ వరసగా నిలబడ్డారు. నల్ల కుక్క వెళ్ళి ఎర్ర కుక్క వెనక చోటు చూసుకుంది. పరుపు మీంచి అధ్యక్షుడు ఓరకంట చూసి చిరునవ్వు నవ్వాడు.

ప్రసంగాలు మొదలయ్యాయి. ఆరోజు ప్రతినిధి గారు తనని తానే మించిపోయారు. "ఆ బూడిదలో పడుకున్నవి కుక్కపిల్లలు కావు! రేపటి మన గొంతులు! ఆ గుంట మీద చెయ్యి వేస్తే..." అని ఆయన అంటుంటే బయట ఈలలు, కేకలు. నల్ల కుక్కకే ఒళ్ళు గగుర్పొడిచింది. మిగతా అయిదుగురూ ఏమీ తీసిపోలేదు. ఒకడు నేల మీద పడి దొర్లాడు. ఇంకొకడు వెక్కి వెక్కి ఏడ్చాడు.

అధ్యక్షుడు అంతా ఓపిగ్గా విన్నాడు. తర్వాత తేనె లాంటి గొంతుతో పిలవడం మొదలుపెట్టాడు.

"చేపల బజారు తమ్ముడూ, కాలి దెబ్బ తగ్గిందా?" ఊగింది. పిల్లి అడ్డగీత గీసింది.

"గుడ్డల వీధి తమ్ముడూ, ఏం అందంగా అయ్యావోయ్!" ఊగింది. అడ్డగీత.

మూడోది, నాలుగోది, అయిదోది, ఒకటే ఊపు. కళ్ళల్లో నీళ్ళు ఇంకా ఆరలేదు, వెనక తోక విసనకర్రలా ఆడుతోంది.

"ఇక మన టీకొట్టు తమ్ముడు" అన్నాడు అధ్యక్షుడు ఇంకా మెత్తగా. "గొంతు బొంగురుపోయినట్టుంది, పాలు తాగుతావా నాన్నా?"

నల్ల కుక్క గభాలున ఆ తోక మీద కూర్చుంది.

అబ్బబ్బ, చూడాలండీ ఆ దృశ్యం! కింద తోక ఒడ్డున పడ్డ కొరమీనులా కొట్టుకుంటోంది. నల్ల కుక్క ఉన్న బరువంతా వేసి, పళ్ళు బిగించి, కళ్ళు మూసుకుంది. వెనకది ఆగిపోతే ముందుదంతా ఊగడం మొదలెట్టింది. ప్రతినిధి గారి చెవులు ఊగాయి, నడుం ఊగింది, మీసాలు కూడా ఊగాయి. "ఎవరే అది, చెల్లెమ్మా, ఎవరు నన్ను పట్టుకున్నది?" అంటున్నారు ఆయన పాపం.

"తమ్ముడూ! బంగారం! చిట్టి తండ్రీ!" అధ్యక్షుడు గొంతు పెంచాడు. నల్ల కుక్క ఒక్క అంగుళం లేచింది, మళ్ళీ కూలబడింది.

పిల్లి మెడ చాచి చూసింది. "తోక ఊగలేదు" అంది. తలుపు మీద గర్రుమని నిలువుగీత పడింది. ఆ చప్పుడు ఆ పెరట్లో ఎవరూ అంతకు ముందు వినలేదు.

"అధ్యక్షుల వారు లేవాలి" అంది పిల్లి.

అధ్యక్షుడు కదల్లేదు.

"లేవాలి" అంది మళ్ళీ.

లేచాడు. మొదటిసారి పరుపు మీంచి దిగి సభ మధ్యలోకి వచ్చి నిలబడ్డాడు. అయిదు పిల్లల ప్రాణం ఇక ఆ ఒక్క తోక మీద ఉంది. అధ్యక్షుడు నడుం అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"కానివ్వండి" అంది పిల్లి.

"కానిస్తున్నాను కదా!"

"ఏం కానిస్తున్నారు?"

"ఊపుతున్నాను!"

"ఏదీ?"

అందరూ తొంగి చూశారు. అక్కడ తోక లేదు. చిన్నప్పుడే యజమాని ముచ్చటపడి మొదలంటా కత్తిరించేశాడట. సభలో పరుపు మీదా షికారులో కారు సీటు మీదా కూర్చునే వాడి వెనక భాగం ఎవరు చూస్తారు చెప్పండి? ఊరందరి తోకలూ ఊపించినవాడికి ఊపుకోడానికి ఒక్కటీ లేదు.

చేపల బజారు ప్రతినిధి ముందు కిసుక్కుమన్నాడు. తర్వాత అందరూ. పిల్లి మాత్రం నవ్వకుండా రెండో నిలువుగీత గీసి, "ప్రతిపాదన వీగిపోయింది" అని ప్రకటించింది.

ఇంక చూడండి సంబరం! టీకొట్టు వీధివాళ్ళు గేటు తోసుకొచ్చి ప్రతినిధి గారిని ఎత్తుకున్నంత పని చేశారు. ఎర్ర కుక్క నడుం పట్టేసి వంకరగా నడుస్తూనే, "విన్నారా నా ప్రసంగం? 'రేపటి మన గొంతులు' అన్నానే, అక్కడ పడ్డాడు వాడు!" అంటూ వెళ్ళిపోయారు. ఆయన గొంతు వీధి చివరి దాకా వినపడుతూనే ఉంది.

పెరడు ఖాళీ అయింది. నల్ల కుక్క అందరికంటే ఆఖరున లేచింది. తొడలు తిమ్మిరెక్కి ఉన్నాయి. పిల్లలు పాలకి ఏడుస్తుంటాయని కుంటుకుంటూ గేటు దాకా నడిచింది.

"అమ్మా" అని పిలుపు వినిపించింది వెనక నుంచి. అధ్యక్షుడు మెట్ల మీద నిలబడి ఉన్నాడు. "పిల్లలు కులాసాయేనా తల్లీ? ఎందరు? చలి జాస్తిగా ఉంది, జాగ్రత్త."

ఆ గొంతులో ఎంత ఆప్యాయత ఉందనుకున్నారు! పిల్లలు పుట్టినప్పటి నుంచి ఆ మాట దాన్ని ఎవరూ అడగలేదు. ప్రతినిధి గారూ అడగలేదు.

"కులాసాయేనండీ. అయిదుగురు" అంది నల్ల కుక్క.

గోడ మీద పిల్లి ముసిముసిగా నవ్వింది.

"ఎందుకక్కా నవ్వుతున్నావు?"

"ఏం లేదమ్మాయ్. సభ అయిపోయింది. అయిపోయాక ఊగినవి నేను రాయను."

నల్ల కుక్క మెల్లగా మెడ తిప్పి వెనక్కి చూసుకుంది.

దారి మధ్యలో, ఉన్నచోటే, దభీమని కూర్చుంది. అధ్యక్షుడు లోపలికెళ్ళి తలుపు వేసుకునేదాకా లేవలేదు.