ఇంజన్లో మౌనవ్రతం

చెంచురామ స్వామివారు ఎవరు ఏమడిగినా అక్కడికక్కడే జవాబు చెప్పిన పాపాన పోలేదు. ప్రశ్న ఎంత పెద్దదైతే అంత చిన్న పని చెప్పి పంపేవారు. కావలి దగ్గర ఆయన పాకలో ఆదివారాలు చేరే శిష్యులకు ఇది ఒకటే విసుగు. అలాగని రావడం మానిందీ లేదు.

వాళ్ళలో పెంచలయ్య ఒకడు. కరెంటు రైలింజన్లో అసిస్టెంట్ పైలట్, అంటే బండి నడిపే పైలట్ పక్కన కూర్చునే సహాయకుడు. ఓ ఆదివారం ఉండబట్టలేక అడిగేశాడు.

"స్వామీ, రోజూ జపం చేస్తానే ఉండా. నోరు తిరగతా ఉంది గానీ మనసు కదలడంలా. ఇట్టాంటి జపం చేసినా ఒకటే, మానినా ఒకటే గదా?"

స్వామి వేరుశనక్కాయలు వొలుచుకుంటూ, "మీ ఇంజన్లో నోటితో అనాల్సినవి ఏమైనా ఉన్నాయా?" అన్నారు.

"ఉండాయి స్వామీ. సిగ్నల్ కనపడగానే చెయ్యి చాపి దాని రంగు పైకి చెప్పాల. ఒకరు చెబితే రెండోవాళ్ళు తిరిగి అనాల. అది రూలు."

"మీ పైలట్‌తో నీకు మాటల్లేవంటివే?"

పెంచలయ్య ముఖం మాడిపోయింది. పైలట్ దానియేలు అతనికి పని నేర్పిన మనిషి, తోడబుట్టిన అన్నకన్నా ఎక్కువ. అట్లాంటివాడు నెల కిందట, డ్యూటీ దిగినవాళ్ళు పడుకునే రన్నింగ్ రూములో, పదిమంది ముందు "వీడికి హారన్ కొట్టడం తప్ప ఇంకేం వచ్చు?" అనేశాడు. "నీకు అది కూడా వినపడదు గదా, ముసలోడివైపోయినావు" అని ఇతనూ అంటించాడు. అంతే, ఉప్పూ నిప్పూ అయిపోయారు. నెలైనా మాటలు కలవకపోయేసరికి, రేపటి బండి దిగగానే, వేరే పైలట్‌తో డ్యూటీ వేయమని ఆఫీసులో అడిగేద్దామని పెంచలయ్య నిశ్చయించుకున్నాడు. అడిగితే వేస్తారు. కానీ దానియేలు లేని ఇంజన్ని ఊహించుకోలేకపోయేవాడు.

"మాటల్లేవు స్వామీ. సిగ్నళ్ళు మాత్రం చెప్పుకుంటాం."

"మనస్ఫూర్తిగానేనా?"

"మనసా, పాడా! పళ్ళు నూరుకుంటా."

"రేపు ఒక్కటి కూడా వదలకుండా, గట్టిగా చెప్పు. ఇంక పో."

మర్నాడు పట్టపగలు, బొగ్గు బండి. ఎడమ పక్క కుర్చీలో దానియేలు. ఆయన ముందు వేగం పెంచే హ్యాండిల్, బ్రేకు పిడి, పైతీగలో కరెంటు ఎంతుందో చూపే మీటర్లు. కుడి పక్క పెంచలయ్య. అతని చేతికందేలా హారను, ప్రమాదమొస్తే బండి ఆపే బ్రేకు. ఇవి కాక ఓ చిన్న దీపం. కాసేపు ఎవరూ దేన్నీ ముట్టుకోకపోతే "మేలుకున్నారా?" అన్నట్టు వెలుగుతుంది, బటన్ నొక్కలేదో, బండి తనే ఆగిపోతుంది. నెల రోజులుగా ఆ ఇంజన్లో మనుషుల్ని పలకరించేది ఆ దీపం ఒక్కటే.

మొదటి సిగ్నల్ కనపడగానే పెంచలయ్య "గ్రీన్!" అని గొంతు చించుకున్నాడు. దానియేలు ఉలిక్కిపడ్డాడు. వెక్కిరిస్తున్నాడనుకున్నాడో ఏమో, అంతకన్నా గట్టిగా "గ్రీన్!" అన్నాడు. రెండో దానికి ఇతను ఇంకాస్త పెంచాడు. ఆయన తగ్గుతాడా? తగ్గితే పరువు పోదూ! అలా స్టేషను తరవాత స్టేషను అరుచుకుంటూ పోయారు. ఓ గేటు దగ్గర పచ్చజెండా పట్టుకున్న గేట్‌మన్, లోపల కొట్టుకుంటున్నారనుకుని నోరెళ్ళబెట్టాడు.

ఆ తరవాత పసుపు, దాని వెనకే ఎరుపు. "రెడ్!" "రెడ్!" దానియేలు బ్రేకు వేశాడు. పొలాల మధ్య బండి ఆగింది.

అనాల్సింది అనేశారు. రంగు మారేదాకా రూలు ప్రకారం అనడానికి ఇంకేమీ లేదు. పక్క మడిలో కొంగలు తిరుగుతున్నాయి. హ్యాండిల్ మీద తన చెయ్యి పెట్టించి, పైన తన చెయ్యేసి దానియేలు పని నేర్పిన రోజు పెంచలయ్యకు గుర్తొచ్చింది. ఇదే ఆఖరి బండి అనుకునేసరికి ఏడుపొచ్చినంత పనైంది.

అప్పుడు దానియేలు గొంతు సవరించుకుని, సిగ్నల్ వైపే చూస్తూ, మెల్లగా "రెడ్" అన్నాడు.

పెంచలయ్య తిరిగి చూశాడు. రంగు మారలేదు. చెప్పిందే మళ్ళీ చెప్పమని ఏ రూల్లోనూ లేదు. "రెడ్" అన్నాడు తనూ.

కాసేపయ్యాక దానియేలు, "రెడ్డే" అన్నాడు.

"ఇంకా రెడ్డే, అన్నా."

అన్నా అని నోరు జారిపోయింది. దానియేలు గిర్రున తిరిగాడు. "ఏందిరా పెంచలా, నీ దెబ్బకి గొంతు పూడిపోయిందిరా! నీళ్ళియ్యి ముందు!" ఆ మాట సగంలోనే కీచుమంది. పెంచలయ్యకు నవ్వాగలేదు, ఆయనకూ ఆగలేదు. నీళ్ళు సగం తాగి సగం చొక్కా మీద పోసుకున్నాడు. ఇద్దరూ కళ్ళు తుడుచుకునేలోగా సిగ్నల్ మారింది.

"గ్రీన్!" అన్నారు ఒకేసారి.

"కొట్టరా హారను! నీ అంత బాగా ఎవడు కొడతాడు?"

పెంచలయ్య కొట్టిన హారనుకు మడిలో కొంగలన్నీ ఒక్కసారి లేచాయి. బండి దిగాక అతను ఆఫీసు వైపు పోనేలేదు. దానియేలుతో కలిసి దోసెలు తినడానికి పోయాడు.

ఆదివారం ఇదంతా గుక్క తిప్పుకోకుండా చెప్పి, "అంతా బాగుంది గానీ స్వామీ, నేనడిగినదానికి జవాబు చెప్పలేదే?" అన్నాడు.

"ఆ రెండోసారి రెడ్ అనమని రూల్లో ఉందా?"

"లేదు స్వామీ."

"అంతకు ముందు అన్నవో?"

"అవన్నీ రూలే."

స్వామి దోసెడు వేరుశనగ గింజలు అతని చేతిలో పోశారు. "అవి మానేసి ఉంటే, ఆ రెండోది ఎక్కణ్ణుంచి వచ్చేదయ్యా?"