చేదు సొర

దస్తగిరి ఆ ఉదయం మూడుసార్లు వాంతి చేసుకున్నాడు. దర్గా వెనక పందిరికి వేలాడే సొరకాయల్లో తొలికాయ కోసి, ఇంత ముక్క కొరికి మింగాడంతే. నోరంతా విషం.

మర్నాడే ఊరందరికీ తొలికోత. రెండేళ్ళ కరువులో గంజికి మొహంవాచిన పిల్లల కళ్ళన్నీ ఆ కాయల మీదే ఉన్నాయి.

తప్పు తనదే. ఊరుమ్మడి తోట వేద్దామని విత్తనాల కోసం ఇల్లిల్లూ తిరిగాడు. అవ్వలు ఎవరి మూట వాళ్ళిచ్చి, ఇది ఫలానా అని చెప్పబోతే, "ఇక్కడ నీదీ నాదీ అని లేదవ్వా" అంటూ గొప్పగా అన్నీ ఒకే కుండలో కుమ్మరించాడు. నీళ్ళబుర్రలు చేసుకునే చేదుసొర గింజలూ అందులో కలిసిపోయాయి. ఇప్పుడు తీగలన్నీ ఒకదాన్నొకటి పెనవేసుకున్నాయి. ఏ కాయ ఏ పాదుదో దేవుడికే తెలియాలి. చేదుకాయ కూర తిని పొరుగూళ్ళో ఒక మనిషి పోయాడని మాత్రం దస్తగిరికి తెలుసు.

తీగల మొదళ్ళు కోసేస్తే ఆకలి. కోయకపోతే చావు.

కొడవలి పట్టుకుని పందిరి కిందికి వెళ్ళాడు. అక్కడ గురువు హుస్సేన్ పీరా కూర్చుని ఉన్నారు.

"దేనికది?"

"మొదళ్ళు కోసేస్తాను సామీ. పురుగు పట్టిందని చెబుతాను." జరిగిందంతా చెప్పాడు.

పీరా లేచి దర్గా ముందున్న నగారా తానే వాయించారు. కోత ముందే మొదలైందనుకుని జనం గిన్నెలూ బుట్టలూ పట్టుకుని ఉరికొచ్చారు.

"మావాడు మీకొక మాట చెప్పాలట" అన్నారు పీరా.

చెప్పాడు. ఒక తల్లి బిడ్డను కొంగు వెనక్కి లాక్కుంది.

ఓబుళమ్మవ్వ ముందుకొచ్చింది. "ఆ చేదు గింజలు నావే. వేరేగా పెట్టుకోరా అని మొత్తుకుంటి. వింటివా? ముసల్దాని నోరు మూయించేదానికి వేదాంతం దొరికె నీకు."

కొడవలి గుంజుకుని, పందిరి కిందికి నడిచి, కాయ తొడిమ దగ్గర చెక్కి, ముక్కను నాలిక కొసకు తాకించి ఉమ్మేసింది.

"ఇది మంచిది." ఇంకో కాయ. "థూ. ఇది బుర్రకే. మింగుతారంట్రా ఎవరైనా? తాకించి ఉమ్మాల. మీకెవురూ చెప్పలేదా?"

ఎవరూ చెప్పలేదు. ఎవరూ అడగనూ లేదు.

ఒక్కొక్క ముసలమ్మా, ముసలాయనా పందిరి కిందికొచ్చి, కాయలు చెక్కి నాలికకు తాకించసాగారు. మనవలు భయంభయంగా వెనకే నక్కి, వాళ్ళ మొహాల్లోకి తొంగిచూస్తూ నిలబడ్డారు.

పీరా ఎవరూ రుచి చూడని కాయొకటి చెక్కి, ముక్క దస్తగిరి ముందు పట్టారు. అతను ఒక అడుగు వెనక్కి వేశాడు.

"భయంగా ఉంది సామీ."

"ఉండనీ. నాలిక బయటపెట్టు."